కూలర్ కొనే ముందు కిటికీలో థర్మామీటర్ పెట్టండి

మార్చి నెల వచ్చిందంటే మా స్టాఫ్‌రూమ్‌లో ఒకటే ప్రశ్న: "ఏ కంపెనీ కూలర్ మంచిది?" నేను ఫిజిక్స్ చెప్తాను కాబట్టి ఇలాంటివన్నీ నాకు తెలిసి ఉండాలని వాళ్ళ లెక్క. కంపెనీ పేరు మాత్రం నేను చెప్పను. మీ కిటికీ ఎటువైపు ఉంది, లోపలికొచ్చిన గాలి బయటికి పోవడానికి దారి ఉందా, మీకు వచ్చేవి బోరు నీళ్ళా మున్సిపాలిటీ నీళ్ళా అని ఎదురు అడుగుతాను. సగం మంది అక్కడే విసుక్కుంటారు. విసుక్కోని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మేముండేది మంచిర్యాలలో. చుట్టూ బొగ్గు గనులు, గోదావరి అవతల రామగుండం. మే నెలలో 45 డిగ్రీలు అంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. మాది అద్దె ఇల్లు, పై పోర్షన్. పొద్దంతా కాగిన స్లాబు రాత్రి పదకొండైనా వేడి కక్కుతూనే ఉంటుంది, ఫ్యాన్ వేస్తే ఆ వేడినే మన మీదికి తోస్తుంది. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. మా స్లాబు అంతదాకా ఆగదు, ఏప్రిల్‌లోనే మొదలుపెడుతుంది.

షాపుకు పోయేముందు నేను చేసిన పని ఒకటుంది. రెండు మామూలు ల్యాబ్ థర్మామీటర్లు తెచ్చాను. ఒకదాని బల్బుకు పలుచటి నూలుగుడ్డ చుట్టి, గుడ్డ కొసను నీళ్ళ గ్లాసులో వేలాడదీశాను. రెండోదాన్ని పొడిగానే ఉంచాను. రెండింటినీ నీడపట్టున కిటికీలో పెట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ వేసి, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగాను. మధ్యాహ్నం పొడి థర్మామీటర్ 42 చూపిస్తే తడిది 24 దగ్గర ఆగింది. గాలిలో తేమ 20 శాతం చుట్టుపక్కల ఉన్నప్పుడు అలాగే ఉంటుంది.

ఆ 24 చాలా ముఖ్యమైన అంకె. నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరిచే మామూలు కూలర్ ఏదైనా సరే, ఐదువేలదైనా ఇరవైవేలదైనా, అంతకంటే చల్లటి గాలి ఇవ్వలేదు. మంచి ప్యాడ్లున్న కూలర్ ఆ రెండు అంకెల మధ్య తేడాలో నాలుగింట మూడు వంతులు దించుతుంది. 42కీ 24కీ తేడా 18, అందులో మూడు వంతులు పదమూడున్నర. అంటే కూలర్ మూతి దగ్గర 28, 29 డిగ్రీల గాలి వస్తుంది. మా ఇంటికి అది చాలు.

ఇదే ప్రయోగం మా చెల్లెతో కూడా చేయించాను. వాళ్ళు మొన్నమొన్నటిదాకా రామగుండంలోనే ఉండేవాళ్ళు. మా మరిది పవర్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేస్తాడు, పని మారి విశాఖ పక్కన పరవాడకు వెళ్ళారు. సామాన్లతో పాటు కూలర్ కూడా లారీ ఎక్కించుకుపోయారు. అక్కడికెళ్ళిన మొదటి ఎండాకాలమే ఫోన్.

"అక్కా, కూలర్ ఖరాబైనట్టుంది. గాలి వస్తుంది గానీ చల్లగా లేదు. ఒళ్ళంతా జిడ్డు, పక్కబట్టలు కూడా చెమ్మగా ఉంటున్నయ్."

"ప్యాడ్లు తడుస్తున్నయా?"

"తడుస్తున్నయ్. మెకానిక్ కూడా చూసి బాగానే ఉందన్నడు."

మెకానిక్ చెప్పింది నిజమే. వాళ్ళ అబ్బాయి తొమ్మిదో తరగతి, వాడికి గుడ్డ చుట్టే పద్ధతి చెప్పాను. పొడిది 36, తడిది 30 అని చదివాడు. తేడా ఆరే. అందులో మూడు వంతులంటే నాలుగున్నర డిగ్రీలు. 36 డిగ్రీల గాలిని 31 దాకా దించడానికి గదిలో తేమంతా నింపుకోవాలి, ఆ తేమలో చెమట ఆరదు. మంచిర్యాల కంటే పరవాడలో ఎండ తక్కువే, కూలర్ మాత్రం అక్కడ ఓడిపోతుంది. దానికి కావలసింది వేడి కాదు, పొడి గాలి. అందుకే ఆదిలాబాద్, నిజామాబాద్, కర్నూలు, అనంతపురం వైపు కూలర్ బాగా పనిచేస్తుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వైపు సముద్రపు గాలి తగిలే ఇంట్లో డబ్బు దండగ. చెల్లెకు మాత్రం పంపు ఆపేసి ఉత్త ఫ్యాన్‌లా వాడుకోమని చెప్పాను. మళ్ళీ ఏదైనా కొనేట్టయితే తక్కువ కరెంటు తినే సీలింగ్ ఫ్యాన్ కొనుక్కోమన్నాను. డబ్బులు కూడితే ఏసీ పెట్టుకుని 26, 27 మీద నడుపుకోవచ్చు.

కుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇలా ఆవిరి కావడం వల్లే, వెనకటికి కిటికీలకు వట్టివేళ్ళ చాపలు కట్టి నీళ్ళు చల్లేది కూడా అందుకే. కరెంటు మీటరు లెక్కలో చెప్పాలంటే, లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.67 యూనిట్ల వేడి కావాలి. ఆ వేడిని అది గాలిలోంచే లాక్కుంటుంది. మా ఎండలో గంటకు 1,500 ఘనపు మీటర్ల గాలి తోసే కూలర్ తొమ్మిది లీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది. అంటే గంటలో ఆరు యూనిట్ల వేడి తీసేస్తుంది, దానికి మనం కట్టేది ఫ్యాను, పంపు తిప్పే కరెంటు ఖర్చే, యూనిట్‌లో ఐదో వంతు. ఇంత చవకగా చల్లబరిచే మిషన్ ఇంకోటి లేదు, గాలి పొడిగా ఉన్నంతవరకు.

ఇక షాపు సంగతి. మా ఆయన కన్ను సన్నగా పొడుగ్గా ఉండే టవర్ కూలర్ మీద పడింది. రిమోటుంది, లైట్లున్నాయి, గది మూలన పెట్టుకుంటే బీరువాలా అందంగా ఉంటుంది. షాపతను కూడా, "మేడమ్, దీనికి ఐస్ చాంబర్ ఉంది, ఐస్ వేస్తే ఏసీలా కొడుతుంది" అన్నాడు. నేను ఐస్ లెక్క చెప్పాను. కిలో ఐస్ కరిగితే తీసుకునే వేడి 0.09 యూనిట్ల పైచిలుకు. లీటరు నీరు ఆవిరైతే తీసేది దానికి ఏడింతలు. ఆ ఐస్ గడ్డకట్టించడానికి వంటింట్లో ఫ్రిజ్ కరెంటు తింటుంది, పైగా ఫ్రిజ్ వేడి కూడా ఇంట్లోనే వదులుతుంది. ఐస్ వేసిన పది నిమిషాలు చల్లగా ఉంటుంది, ఆ తరవాత మామూలే. షాపతను నవ్వి, "మీరు టీచరా మేడమ్?" అన్నాడు.

ఐస్ కంటే టవర్ కూలర్‌తో పెద్ద చిక్కు వేరే ఉంది. గది మధ్యలో పెట్టిన కూలర్, ఏదైనా సరే, గదిలోని గాలినే మళ్ళీ మళ్ళీ పీల్చి తడుపుతుంది. తలుపులు వేసుకుంటే అరగంటలో మంచిర్యాల గది పరవాడ గది అయిపోతుంది. చల్లదనం బయటికి పోతుందని కిటికీలన్నీ బిగించే వాళ్ళను చాలామందిని చూశాను. అది ఏసీ అలవాటు. కూలర్ బయటి పొడిగాలిని పీల్చాలి, గదిలోకి తోసిన గాలి ఎదురుగా ఇంకో దారిలో బయటికి పోవాలి. మేము ఉత్తరం కిటికీకి బయట స్టాండు మీద కూలర్ పెట్టించి, వంటింటి కిటికీ జానెడు తెరిచి ఉంచుతున్నాం. ఆ కిటికీ దగ్గర అగరబత్తి పట్టుకుంటే పొగ బయటికి లాక్కుపోవాలి. పొగ అక్కడక్కడే తిరుగుతుంటే తలుపు ఇంకాస్త తీయాలి. స్టాండు కోసం గోడకు బోల్టులు కొట్టాలంటే ఓనరాంటీని ఒప్పించాల్సి వచ్చింది, అది కూలర్ కొనడం కంటే కష్టమైన పని. ఖాళీ చేసేటప్పుడు ఆ రంధ్రాలు పూడ్చి రంగు వేయిస్తామని చెప్తే ఒప్పుకున్నారు.

సైజుకు ఒక మోటు లెక్క ఉంది. గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి రెండుతో భాగిస్తే ఎన్ని సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులు) గాలి కావాలో వస్తుంది. రెండు నిమిషాలకోసారి గది గాలంతా మారాలని దాని అర్థం. మా గది 12, 12, ఎత్తు 10. అంటే 1,440 ఘనపుటడుగులు, 720 సీఎఫ్‌ఎం. డబ్బాల మీద ఎక్కువగా గంటకు ఇన్ని ఘనపు మీటర్లని వేస్తారు, అప్పుడు 1.7తో హెచ్చవేసుకోవాలి. మాకు 1,220 చిల్లర. పైకప్పు స్లాబు కాబట్టి కొంచెం ఎక్కువ చూసుకున్నాం. హాలు మొత్తానికి, వచ్చిపోయే చుట్టాలకు కూడా సరిపోవాలని పెద్ద డెజర్ట్ కూలర్ తెచ్చి పడకగదిలో పెట్టుకుంటే రాత్రంతా హోరు, పొద్దున్నే గొంతు నొప్పి.

కరెంటు విషయంలో మా ఇంట్లో అసలు టెన్షన్ వేరు. మాకు తెల్లకార్డు ఉంది, తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో ఉన్నాం. 2024 నుంచి నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. 200 దాటితే మొత్తం బిల్లు మనదే, దాటిన ఒకటీ రెండు యూనిట్లకే కాదు. అందుకని ఎండాకాలంలో నెలాఖరు వచ్చేసరికి మా ఆయన రోజూ మీటరు దగ్గరికి వెళ్ళొస్తుంటాడు. ఫ్రిజ్ రోజుకు ఒక యూనిట్ అనుకుందాం, నెలకు 30. పాత సీలింగ్ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 75 వాట్లు, రోజుకు 14 గంటలు తిరిగితే 63. టీవీ, లైట్లు, ఇస్త్రీ, మిక్సీ, నీళ్ళ మోటరు కలిపి ఇంకో 40. ఇక్కడికే 133. మిగిలింది 67.

190 వాట్ల కూలర్ రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 57 యూనిట్లు. గీత మీద నడిచినట్టే గానీ, లోపలే. ఏసీ గంటకు ఒక్క యూనిట్ అనుకున్నా రాత్రి ఎనిమిది గంటలకు నెలకు 240. అదొక్కటే హద్దు దాటేస్తుంది. ఆంధ్రాలో ఉన్నవాళ్ళకు, తెల్లకార్డు లేనివాళ్ళకు ఈ లెక్క వర్తించదు, మీ కరెంటు రేట్ల స్లాబులు మీరు చూసుకోండి.

తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటరున్న కూలర్ కొనాలా? షాపులో మేం చూసిన మోడళ్ళలో దానికీ మామూలుదానికీ మూడు వేల పైన తేడా ఉంది. వంద వాట్లు ఆదా అనుకుంటే పది గంటలకు, అంటే రోజుకు, ఒక యూనిట్, సీజన్ మొత్తానికి 90. యూనిట్ ఐదు రూపాయలు వేసుకున్నా ఏడాదికి 450. ఆ మూడు వేలు తిరిగి రావడానికి ఏడేళ్ళు చూడాలి. కూలర్ అంతకాలం సరిగ్గా ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. డబ్బా మీద "ఎనర్జీ ఎఫిషియెంట్" అని పచ్చ ఆకు బొమ్మ ఉండగానే మురిసిపోకూడదని నా అభిప్రాయం. అయితే రెండు సందర్భాల్లో బీఎల్‌డీసీ తీసుకోమంటాను. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడుపుకునే వాళ్ళకు బ్యాటరీ దాదాపు రెండింతల సేపు వస్తుంది. 200 దగ్గర ఊగిసలాడే మాలాంటి వాళ్ళకు ఆ 30 యూనిట్లు జీరో బిల్లును కాపాడొచ్చు. ఇంకోటి, రాత్రి రెండు గంటలకు స్పీడు తగ్గించుకుంటాం కదా, మామూలు మోటరు స్పీడు తగ్గినంతగా కరెంటు తగ్గదు, బీఎల్‌డీసీలో బాగా తగ్గుతుంది.

మేము అది కూడా కొనలేదు. మామూలు కూలర్ తీసుకుని, మిగిలిన డబ్బుతో హాల్లో ఉన్న 75 వాట్ల ఫ్యాన్ తీసేసి 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టించాం. కూలర్ మూడు నెలలే తిరుగుతుంది, సీలింగ్ ఫ్యాన్ దాదాపు ఏడాదంతా. ఆదా ఎక్కడ ఎక్కువసేపు జరుగుతుందో అక్కడే డబ్బు పెట్టాలి కదా. 14 గంటలకు లెక్కేస్తే నెలకు 20 యూనిట్లు దాని ఒక్కదాని మీదే మిగులుతాయి.

ప్యాడ్ల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. గడ్డి ప్యాడ్లు చవక, కొత్తలో చల్లగానే కొడతాయి. కానీ నీళ్ళకు బరువెక్కి కిందికి జారతాయి, పైన ఖాళీ ఏర్పడుతుంది, వేడిగాలి ఆ సందులోంచే సులువుగా లోపలికి దూరుతుంది. ఏటా మార్చాల్సిందే. తేనెపట్టులా అరలరలుగా ఉండే అట్ట ప్యాడ్లు ఖరీదెక్కువ, జాగ్రత్తగా ఉంటే రెండు మూడు సీజన్లు వస్తాయి. కొనేటప్పుడు చేత్తో పట్టి మందం చూడండి. రెండు వేళ్ళ మందం కూడా లేనిది తీసుకోవద్దు, 90 ఎంఎం ఉన్నది దొరికితే మంచిది. మూడు వైపులా ప్యాడ్లున్న కూలరైతే ఒక్కో ప్యాడ్ మీద గాలి నెమ్మదిగా పోతుంది కాబట్టి బాగా తడుస్తుంది.

మా బోరు నీళ్ళు ప్యాడ్లకు శత్రువు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. నెల తిరగకముందే ప్యాడ్ అంచులకు తెల్లటి పొర కడుతుంది, పంపు జాలీ మూసుకుపోతుంది. మున్సిపాలిటీ నల్లా వచ్చిన రోజు డ్రమ్ముకు పట్టి అవే పోస్తున్నాం. బోరు నీళ్ళే గతి అయితే ట్యాంకు అడుగున మిగిలిన నీళ్ళను రెండు రోజులకోసారి వదిలేసి కొత్తవి పోయాలి, పైన పోసుకుంటూ పోతే ఉప్పు చిక్కబడుతుంది. వదిలేసిన నీళ్ళు బాత్రూమ్‌కు పనికొస్తాయి. ఎలాగూ వారానికోసారి ట్యాంకు ఖాళీ చేసి గీకి కడగాల్సిందే. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్ళలోనే, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మాకు శుక్రవారం బడి నుంచి రాగానే అదే పని.

రోజుకు నీళ్ళెన్ని కావాలో కూడా ముందే ఆలోచించుకోండి. పది గంటలు నడిస్తే 90 లీటర్లు, అంటే పెద్ద బిందెలు అరడజనుకు తక్కువ కావు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే వీధిలో, పై అంతస్తులో, మోసేది ఎవరు అన్నది ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయం. ఫ్లోట్ వాల్వ్ ఉన్న కూలర్ తీసుకుని పైట్యాంకు నుంచి సన్నపైపు లాగితే ఈ బాధ ఉండదు. మా ఓనరాంటీ దానికి ఒప్పుకోలేదు.

ఇనుప రేకు కూలర్ల గురించి ఒక్కమాట. మా వీధిలో ఇంకా అవే ఎక్కువ, ఊళ్ళోనే చేసిస్తారు. గాలి బ్రహ్మాండంగా కొడతాయి, ఏ భాగం పాడైనా వందల్లో బాగవుతుంది. నేను వాటికి వ్యతిరేకం కాదు. కానీ నీళ్ళు, కరెంటు, ఇనుము ఒకే డబ్బాలో ఉంటాయి. పంపు వైరు తొడుగు చిట్లితే రేకంతా కరెంటే. తడికాళ్ళతో వచ్చి ముట్టుకున్న పిల్లలు చనిపోయిన వార్త ప్రతి ఎండాకాలం ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉంటాం. మూడు పిన్నుల ప్లగ్గు ఉండగానే సరిపోదు, సాకెట్ వెనక ఎర్త్ వైరు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మా ఇంట్లో ఆ సాకెట్‌కు ఎర్త్ లేదని కూలర్ బిగించేటప్పుడే బయటపడింది. వైరు లాగించి, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ స్విచ్ కూడా పెట్టించాం. నీళ్ళు పోసేటప్పుడు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే పీకేయాలి. మా పిల్లలకు కూలర్ ముట్టుకునే హక్కు లేదు, ముందు కూర్చునే హక్కే ఉంది.

మిరుగు దాటి వానలు మొదలయ్యాక ఇక్కడ కూడా గాలి తడెక్కుతుంది. అప్పుడు మళ్ళీ గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూస్తే తేడా ఐదారు డిగ్రీలకు పడిపోయి ఉంటుంది. ఇక పంపు ఆపి, ట్యాంకు తుడిచి, ప్యాడ్లు ఎండకు ఆరబెట్టి గుడ్డ కప్పేయడమే. తడిగా మూతవేస్తే మరుసటి ఏడు మొదటిరోజే ముక్కు మూసుకోవాలి.

కూలర్ వచ్చాక ఇంట్లో పంచాయితీ మంచాల మీదికి మారింది. మా అత్తమ్మకు ఆ గాలి నేరుగా తగిలితే మోకాళ్ళు పట్టేస్తాయట, పిల్లలకేమో మూతి ముందే పడుకోవాలి. మంచం అడ్డంగా తిప్పి, మూతి రేకులు పైకి పెట్టి చూశాం. గాలి గోడకు తగిలి ఆమె వైపు మెల్లగా వస్తోంది. పిల్లలు కింద చాప వేసుకున్నారు. మా ఆయన ఇప్పటికీ రిమోట్ లేదని గొణుగుతూ లేచెళ్ళి స్పీడు తగ్గించి వస్తాడు.